ఇంట్లో కట్టుకున్న సీఎన్‌సీకి ఏ మోటార్ కంట్రోలర్? వాడి చూశాక నా మాట

ముందే చెప్పేస్తాను. నెమా 23 సైజు స్టెప్పర్ మోటార్లతో (ఒక్కో పల్సుకు ఒక్కో చిన్న అడుగు తిరిగే మోటార్లు) చెక్క, ప్లైవుడ్, అప్పుడప్పుడు అల్యూమినియం కోసే సీఎన్‌సీ, అంటే కంప్యూటర్ ఆదేశాలతో నడిచే మెషీన్ కట్టుకుంటున్నవాళ్లు డీఎం542 తరహా డిజిటల్ డ్రైవర్లు (పల్సులను బట్టి మోటారుకు కరెంటు అందించే పెట్టెలు) తీసుకోండి, మోటారుకు ఒకటి చొప్పున. వాటికి పల్సులు పంపడానికి ఈఎస్‌పీ32 చిప్ మీద ఫ్లూయిడ్‌ఎన్‌సీ అనే సీఎన్‌సీ ప్రోగ్రాం నడిచే బోర్డు పెట్టుకోండి. నెమా 17 మోటార్లతో చిన్న మెషీన్ అయితే ఆర్డుయినో ఊనో అనే చిన్న బోర్డు, దాని మీద కూర్చునే సీఎన్‌సీ షీల్డ్ చాలు. ఇలా ఎందుకు అంటున్నానో కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే ఈ విషయంలో కొత్తవాళ్లకు దొరికే సలహాల్లో సగం మోటారు ఏమిటో అడగకుండానే ఇచ్చేవి.

నా మెషీన్ గ్యాంట్రీ రకం, అంటే పనిముట్టును మోసే అడ్డదూలం బల్ల మీద కదులుతుంది. ఎక్స్, జెడ్ అక్షాలకు ఒక్కో మోటారు, వైకి అటూ ఇటూ రెండు. మొత్తం నాలుగూ నెమా 23, అంటే ముందు పలక 57 మిల్లీమీటర్ల చదరం. బాల్ స్క్రూలు 1605 రకం: 16 మిల్లీమీటర్ల లావు, ఒక చుట్టుకు 5 మిల్లీమీటర్ల కదలిక. స్పిండిల్ (కోత పనిముట్టును తిప్పే మోటారు) వీఎఫ్‌డీ అనే వేగం మార్చే పెట్టెతో తిరుగుతుంది. ఎక్కువగా తెలుగు అక్షరాలు చెక్కుతాను. మన అక్షరాల్లో వంపులు ఎక్కువ కాబట్టి మోటారు ఒక్క క్షణం తడబడినా అక్షరం అంచు మీద గీతలా పడిపోతుంది. కంట్రోలర్ మంచిచెడ్డలు తేల్చడానికి ఇంతకన్నా కఠినమైన పరీక్ష నాకు దొరకలేదు.

డ్రైవర్ల జోలికి వెళ్లేముందు మోటారు డేటాషీట్ చదవాలి. నా మోటార్లది ఇలా ఉంటుంది: ఫేజుకు 2.8 ఆంపియర్లు, నిరోధం 0.9 ఓమ్, ఇండక్టెన్స్ 2.5 మిల్లీహెన్రీలు. ఆంపియర్లను ఓమ్‌లతో గుణిస్తే సుమారు 2.5 వోల్టులు వస్తాయి. అది చూసి 36 వోల్టులు ఇస్తే మోటారు కాలిపోతుందని భయపడేవాళ్లు చాలామంది. కాలదు. ఈ డ్రైవర్లన్నీ కరెంటును కొలిచి, మనం పెట్టిన హద్దు దగ్గర కత్తిరించేవే. వోల్టేజీ ఎక్కువ కావాల్సింది వేరే కారణానికి. మోటారు వేగంగా తిరిగేటప్పుడు కాయిల్‌లో కరెంటు పెరగడానికి దొరికే సమయం చాలా తక్కువ. ఇండక్టెన్స్ ఆ పెరుగుదలకు అడ్డుపడుతుంది. వోల్టేజీ తోసినకొద్దీ కరెంటు తొందరగా చేరుతుంది, వేగంలో బలం నిలుస్తుంది. ఇండక్టెన్స్‌ను మిల్లీహెన్రీల్లో తీసుకుని, దాని వర్గమూలాన్ని 32తో గుణిస్తే ఆ మోటారుకు ఇవ్వదగ్గ గరిష్ఠ వోల్టేజీ వస్తుందని స్టెప్పర్ వాడేవాళ్లలో ఒక లెక్క ఉంది. నా మోటారుకు అది 50 వోల్టుల దాకా వస్తుంది. ఇండక్టెన్స్ 8 మిల్లీహెన్రీలు ఉన్న మోటారుకు 90. అంత వోల్టేజీ ఇచ్చే డ్రైవర్ ఇంటి బడ్జెట్‌లో దొరకదు కాబట్టి, మోటార్లు ఇంకా కొనకపోతే తక్కువ ఇండక్టెన్స్ ఉన్నవే ఏరుకోండి. బలం అంకె పెద్దగా ఉందని ఎక్కువ ఇండక్టెన్స్ మోటారు కొంటే, నిలబడి ఉన్నప్పుడు కొండలా ఉంటుంది, పరుగెత్తమంటే చేతులెత్తేస్తుంది.

ఇక సరుకు సంగతి.

సీఎన్‌సీ షీల్డ్, దాని మీద గుచ్చే ఏ4988 లేదా డీఆర్‌వీ8825 డ్రైవర్లు. చాలామంది మొదలుపెట్టేది వీటితోనే. పెన్‌తో బొమ్మలు గీసే మెషీన్‌కు, చిన్న లేజర్‌కు, నెమా 17 మోటార్లతో మెత్తటి చెక్క చెక్కే మెషీన్‌కు ఇవి నిజంగా మంచివి. ఏ4988 కాగితం మీద 35 వోల్టులు, 2 ఆంపియర్లు. హీట్ సింక్, ఫ్యాన్ లేకుండా వాడితే మాత్రం ఒక ఆంపియర్ దగ్గరే ఆగాలి. డీఆర్‌వీ8825 కాస్త పెద్దది, 45 వోల్టులు, చల్లబరచకపోతే ఒకటిన్నర ఆంపియర్. 2.8 ఆంపియర్ల మోటారుకు ఈ రెండూ చాలవు. మోటారు తిరుగుతుంది, నిజమే. కాసేపయ్యాక చిప్ వేడెక్కి తనను తాను కాపాడుకోవడానికి ఆగిపోతుంది, మళ్లీ చల్లబడి మొదలవుతుంది. ఈలోగా పోయిన స్టెప్పులు పోయినట్టే, బోర్డుకు ఆ సంగతి తెలియదు. చెక్కుతున్న ముక్క పక్కకు జరిగిపోయి ఉంటుంది.

వీటితో పని చేసేవాళ్లు మల్టీమీటర్ దగ్గర పెట్టుకోవాల్సిందే. కరెంటు హద్దు పెట్టేది చిన్న స్క్రూ తిప్పి, వీరెఫ్ వోల్టేజీ (ఆ హద్దును డ్రైవర్‌కు చెప్పే వోల్టేజీ) కొలిచి. ఏ4988 బోర్డు మీద కరెంటు కొలిచే సెన్స్ రెసిస్టర్ 0.1 ఓమ్ అయితే ఒక ఆంపియర్‌కు 0.8 వోల్టు, 0.05 ఓమ్ అయితే 0.4 వోల్టు. అంటే తయారీదారు రెసిస్టర్ మారిస్తే అదే అంకెకు రెట్టింపు కరెంటు. అందుకే ఎవరో చెప్పిన వీరెఫ్ అంకెను కళ్లు మూసుకుని పెట్టొద్దు, రెసిస్టర్ మీద రాసింది చదవండి. డీఆర్‌వీ8825కి లెక్క సులువు: వీరెఫ్‌కు రెట్టింపు ఎంతో అన్ని ఆంపియర్లు. ఇంకో జాగ్రత్త. ఈ రెండు రకాల్లో ఆ స్క్రూ ఎదురెదురు చివర్లలో ఉంటుంది. ఏ4988ను చూసి అదే దిక్కులో డీఆర్‌వీ8825ను గుచ్చితే కరెంటు ఇచ్చిన మరుక్షణం డ్రైవర్ పోతుంది. ఎనేబుల్ అని రాసిన పిన్ చూసి గుచ్చాలి, స్క్రూ చూసి కాదు.

తర్వాతిది టీబీ6600 పేరుతో అమ్మే డబ్బా. అల్యూమినియం హీట్ సింక్, పక్కన డిప్ స్విచ్చులు, చూడటానికి దృఢంగా ఉంటుంది. పేరు తోషిబా చిప్‌ది. కానీ ఆ పేరుతో దొరికే చౌక డబ్బాల్లో చాలావాటి లోపల ఉండేది అదే కంపెనీ తయారుచేసే టీబీ67ఎస్109ఏ అనే మరో చిప్. కనిపెట్టడం తేలికే: అసలు టీబీ6600 మైక్రోస్టెప్ (మోటారు ఒక్క అడుగును డ్రైవర్ ఎన్ని ముక్కలు చేస్తుందన్నది) 16 దగ్గర ఆగిపోతుంది. డబ్బా మీద 32 అని ఉంటే లోపల రెండోది ఉన్నట్టు. రెండోది చెడ్డ చిప్ ఏమీ కాదు, దాని హద్దు 4 ఆంపియర్ల దగ్గర ఉంటుంది, అంతే. పేరు ఒకటి, లోపల సరుకు ఇంకొకటి అయితే డేటాషీట్ చూసి లెక్కలు వేసుకునేవాళ్లు ఏ కాగితం నమ్మాలి? నాకు కోపం తెప్పించేది అదే. నేను వాడిన వాటిలో ఒకటి విప్పి చూస్తే చిప్‌కు, హీట్ సింక్‌కు మధ్య పేస్ట్ ఒక మూల మాత్రమే అంటుకుని ఉంది. శుభ్రంగా తుడిచి మళ్లీ పూసి బిగించాక వేడి కుదురుకుంది. కొన్నవాళ్లు మూత విప్పి ఒకసారి చూసుకోవడం మంచిది.

పనితీరు విషయానికొస్తే, నెమ్మదిగా కోసేటప్పుడు టీబీ6600 డబ్బాలతో నాకు ఇబ్బంది లేదు. గొడవంతా నిమిషానికి 3000 మిల్లీమీటర్ల దగ్గర. నా స్క్రూకు అది 600 ఆర్‌పీఎం. అక్కడికి వచ్చేసరికి మోటారు గుర్రుమని మూలిగి ఆగిపోయేది. బరువు లేకపోయినా అంతే. దీన్ని మిడ్‌బ్యాండ్ రెసొనెన్స్ అంటారు. సెకనుకు సుమారు 5 నుంచి 15 చుట్ల మధ్య స్టెప్పర్ మోటారు రోటర్ తనంతట తాను ఊగడం మొదలుపెడుతుంది, ఆ ఊపు పెరిగి లయ తప్పుతుంది. మామూలు డ్రైవర్ ఆ ఊపును పట్టించుకోదు. సురక్షితంగా నడపాలంటే వేగాన్ని 2000 చేరువలో కట్టేసుకోవాల్సి వచ్చింది.

డీఎం542 ఇక్కడే వేరుగా నిలిచింది. ఇది లెడ్‌షైన్ కంపెనీ మోడల్ పేరు, అదే తరహాలో ఇతరులూ చేస్తున్నారు. లోపల చిన్న ప్రాసెసర్ ఉండి, మోటారు స్వభావాన్ని కరెంటు పెట్టగానే కొలుచుకుని, రెసొనెన్స్‌ను అణిచేలా కరెంటును దిద్దుతుంది. అదే మెషీన్, అవే మోటార్లు, అదే 36 వోల్టుల సప్లై. మార్చింది డ్రైవర్లు మాత్రమే. 600 ఆర్‌పీఎం దగ్గర మూలుగు లేదు, ఆగిపోవడం లేదు. నెమ్మదిగా తిరిగే వంపుల్లో కూడా తేడా చేతికి తెలిసింది: అక్షరాల అంచు మీద వేలు పెడితే మునుపు సన్నటి అలల్లా తగిలేవి, ఇప్పుడు నునుపుగా ఉంది. ఇంత తేడా వస్తుందని తెలిస్తే ఎవరైనా ఫ్రేము మీద పెట్టే డబ్బులో కొంత తగ్గించుకుని అయినా వీటిని కొంటారు.

దీని హద్దులు 20 నుంచి 50 వోల్టులు, గరిష్ఠంగా 4.2 ఆంపియర్లు. ఆ 4.2 పీక్ అంకె అని గుర్తుంచుకోండి. డబ్బా మీద పట్టికలో పీక్ (అత్యధికం), ఆర్‌ఎంఎస్ (ఒకరకం సగటు) అని రెండు వరుసలుంటాయి, మధ్య తేడా 1.4 రెట్లు. 2.8 ఆంపియర్ల మోటారుకు నేను పీక్ 3.31 వరుస పెట్టాను. గంటసేపు పని చేశాక మోటారు వెచ్చగా ఉంటుంది, చెయ్యి పెట్టి ఉంచగలం. నాలుగో స్విచ్ ఆఫ్‌లో ఉంచితే మోటారు ఆగి ఉన్నప్పుడు కరెంటు సగానికి తగ్గుతుంది. అది ఆఫ్‌లోనే ఉండనివ్వండి. 48 వోల్టులు ఇవ్వొచ్చు కదా అంటే, బరువైన గ్యాంట్రీ గబుక్కున ఆగినప్పుడు మోటారు జనరేటర్‌లా మారి వోల్టేజీని వెనక్కి తోస్తుంది. 50 హద్దు ఉన్న డ్రైవర్‌కు 36 ఇచ్చి ఆ ఖాళీ ఉంచడం నాకు నచ్చింది. సప్లై సామర్థ్యానికి మోటార్ల మొత్తం ఆంపియర్లలో మూడింట రెండొంతులు లెక్క. నాలుగు మోటార్లకు ఏడున్నర వస్తుంది, 350 వాట్ల సప్లై సరిపోయింది.

మైక్రోస్టెప్ ఎంత పెట్టాలన్నది అందరూ అడుగుతారు. ఎక్కువ పెడితే మెషీన్ మరింత ఖచ్చితంగా ఉంటుందన్నది నిజం కాదు. మైక్రోస్టెప్ చిన్నదయ్యేకొద్దీ ఆ ఒక్క అడుగు వెనుక ఉండే బలమూ తగ్గుతుంది. 8 భాగాలకు మోటారు నిలుపు బలంలో సుమారు 20 శాతం, 16 భాగాలకు 10 శాతం. రాపిడి అంతకన్నా ఎక్కువుంటే పల్స్ వచ్చినా స్క్రూ కదలదు, రెండు మూడు పోగయ్యాక ఒకేసారి కదులుతుంది. నునుపుదనం కోసం 8 చాలు. నేను చుట్టుకు 1600 పల్సుల దగ్గర స్థిరపడ్డాను, అంటే మిల్లీమీటరుకు 320.

ఆ అంకె పల్సులు పంపే బోర్డు మీదా ఆధారపడుతుంది. ఊనో మీద నడిచే ప్రోగ్రాం, 2009లో మొదలైన జీఆర్‌బీఎల్ ఒక అద్భుతం అని నా అభిప్రాయం. 16 మెగాహెర్ట్జ్ ఎనిమిది బిట్ల చిప్‌లో మొత్తం సీఎన్‌సీ బుర్రను ఇమిడ్చారు, ఉచితంగా ఇచ్చారు. ఇంట్లో మెషీన్లు కట్టుకునే మనమంతా వాళ్లకు రుణపడి ఉన్నాం. దాని హద్దు సెకనుకు 30,000 పల్సులు. మిల్లీమీటరుకు 320 అయితే నిమిషానికి 5625 మిల్లీమీటర్లు వెళ్లొచ్చు, ఏ కొరతా లేదు. అదే 32 మైక్రోస్టెప్‌లు పెడితే 1280 అవుతుంది, వేగం 1400 దగ్గర ఆగిపోతుంది. మోటారు బాగానే ఉంది, డ్రైవర్ బాగానే ఉంది, మెషీన్ మాత్రం నత్తలా నడుస్తోందని బాధపడేవాళ్లు ముందు ఈ గుణకారం చేసి చూసుకోవాలి.

ఊనో నుంచి నేను మారింది వేగం కోసం కాదు. వైకి రెండు మోటార్లున్నాయి కదా, రెండింటికీ విడివిడిగా లిమిట్ స్విచ్ (అక్షం చివర తగిలే స్విచ్) పెట్టి, హోమింగ్‌లో, అంటే మెషీన్ తన సున్నా స్థానం వెతుక్కునేటప్పుడు, గ్యాంట్రీ తనంతట తాను చదరంగా నిలబడేలా చేయాలి. ఫ్లూయిడ్‌ఎన్‌సీలో ఇది ఒక టెక్స్ట్ ఫైలులో నాలుగు వాక్యాలు రాసినంత పని. ఏ పిన్‌కు ఏ మోటారు, ఏ స్విచ్ అన్నదంతా అందులోనే. మళ్లీ ప్రోగ్రాం కంపైల్ చేసే టెన్షన్ లేదు. వైఫై మీద బ్రౌజర్‌లోంచి ఫైలు పంపి, మెమరీ కార్డులోంచి నడిపించొచ్చు. పొడి పీల్చే గొట్టం వల్ల పుట్టే స్టాటిక్‌తో యూఎస్‌బీ తెగిపోయి సగంలో పని ఆగడం తెలిసినవాళ్లకు దీని విలువ తెలుస్తుంది. ఒక లోటుంది: ఈఎస్‌పీ32 పిన్నులు ఇచ్చేది 3.3 వోల్టులు, డీఎం542 లాంటి డ్రైవర్ల ఇన్‌పుట్ 5 వోల్టులకు తయారైంది. నేరుగా కలిపితే ఒకసారి పని చేస్తుంది, ఒకసారి చేయదు. 3.3ను 5 వోల్టులకు మార్చే 74హెచ్‌సీటీ రకం బఫర్ చిప్ ఉన్న బోర్డే కొనండి.

ఇంకా శక్తి కావాలనుకుంటే టీన్సీ 4.1 బోర్డు మీద జీఆర్‌బీఎల్ నుంచి వచ్చిన గర్బుల్‌హాల్ ప్రోగ్రాం ఉంది, 600 మెగాహెర్ట్జ్ చిప్. నా పనికి దాని అవసరం పడలేదు. లినక్స్‌సీఎన్‌సీ మీద నాకు చాలా గౌరవం. అమెరికాలో ఎన్‌ఐఎస్‌టీ అనే ప్రభుత్వ ప్రమాణాల సంస్థలో పుట్టిన ప్రోగ్రాం అది, మీసా కంపెనీ ఈథర్నెట్ కార్డుతో కలిపితే ఫ్యాక్టరీ మెషీన్‌కు తీసిపోదు. దానికోసం ఒక కంప్యూటర్ కేటాయించి కూర్చుని నేర్చుకునే ఓపిక ఉన్నవాళ్లకు అంతకన్నా మంచిది లేదు. మాక్3 అనే విండోస్ ప్రోగ్రాం కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు వద్దు. ప్యారలల్ పోర్ట్ పద్ధతి 64 బిట్ల విండోస్‌లో పని చేయదు, దాని అభివృద్ధి కూడా ఆగిపోయింది.

టీఎంసీ2209 డ్రైవర్ల గురించి ఒక్క మాట. నిశ్శబ్దంగా తిరుగుతాయి, 3డీ ప్రింటర్లలో వీటి పేరు మారుమోగుతోంది. కానీ హద్దు 29 వోల్టులు, 2 ఆంపియర్లు. లేజర్‌కు హాయిగా వాడుకోవచ్చు, కోత మెషీన్‌కు కాదు. ఎన్‌కోడర్ (మోటారు నిజంగా ఎంత తిరిగిందో కొలిచే పరికరం) ఉన్న క్లోజ్డ్ లూప్ స్టెప్పర్లు మంచివే, స్టెప్పు తప్పితే దిద్దుకుంటాయి, మరీ తప్పితే అలారం ఇస్తాయి. ఆ అలారం తీగను బోర్డుకు కలపకపోతే ఒక మోటారు ఆగినా మిగతావి కోస్తూనే పోతాయి, అంత ఖర్చు పెట్టిందీ వృథా.

వైరింగ్‌లో రెండు విషయాలు చెప్పకుండా ఉండలేను. డీఎం542 లాంటి డ్రైవర్లకు దిశ సిగ్నల్ మారాక పల్స్ వచ్చేలోపు 5 మైక్రోసెకన్ల వ్యవధి కావాలి. అది లేకపోతే దిక్కు మారిన ప్రతిసారీ ఒక మైక్రోస్టెప్ జారుతుంది. చిన్న పనిలో కనిపించదు. వందల వంపులున్న అక్షరాల పలకలో చివరికొచ్చేసరికి అంతా ఒక పక్కకు ఒరిగి ఉంటుంది. మెకానికల్ లోపమని కప్లింగ్‌లు బిగిస్తూ కూర్చోకండి, ఫ్లూయిడ్‌ఎన్‌సీ ఫైలులో దిశ ఆలస్యం అంకె పెంచండి. రెండోది, వీఎఫ్‌డీ పుట్టించే విద్యుత్ రొద, సిగ్నళ్లను చెడగొట్టేది. స్పిండిల్ కేబుల్ షీల్డ్ ఉన్నదై ఉండాలి, లిమిట్ స్విచ్ తీగలకు దూరంగా పోవాలి, స్విచ్చులు మామూలుగా మూసి ఉండే రకం అయితే తీగ తెగినా వెంటనే తెలుస్తుంది. మోటారు తీగను కరెంటు ఉండగా ఎప్పుడూ పీకొద్దు, కాయిల్ విసిరే వోల్టేజీకి డ్రైవర్ ఆ క్షణమే పోతుంది.

ఎమర్జెన్సీ స్టాప్‌ను బోర్డు రీసెట్ పిన్‌కు కలిపి ఊరుకోవద్దు. అది స్పిండిల్‌కు, డ్రైవర్ల సప్లైకి వెళ్లే కరెంటునే కాంటాక్టర్‌తో (పెద్ద కరెంటును తెంచే రిలేతో) తెంచాలి. బాల్ స్క్రూ మీద బరువైన స్పిండిల్ ఉంటే కరెంటు పోయినప్పుడు జెడ్ కిందికి జారుతుంది. దానికి ముందే స్ప్రింగో, ఎదురు బరువో చూసుకోండి.

కొత్త డ్రైవర్ పెట్టినప్పుడల్లా నేను చేసే పరీక్షతో ఆపుతాను. గ్యాంట్రీకి డయల్ గేజ్ (సన్నటి కదలికను ముల్లుతో చూపే పరికరం) ఆనించి సున్నా చేస్తాను. అక్షాన్ని గేజ్‌కు దూరంగా పంపి, అటూ ఇటూ చాలాసార్లు గబగబా తిప్పి, మళ్లీ గేజ్ దగ్గరికి తెస్తాను. ముల్లు సున్నా మీదే నిలిస్తే వేగం ఇంకొంత పెంచి మళ్లీ. సున్నా తప్పిన అంకె దగ్గర ఆగి, దానిలో మూడో వంతు తగ్గించి సెట్టింగుల్లో రాస్తాను. త్వరణానికీ అదే పద్ధతి. డీఎం542తో నా ఎక్స్ అక్షం నిమిషానికి 6000 మిల్లీమీటర్ల దగ్గర సున్నా తప్పింది. ఇప్పుడు 4000 మీద నడుస్తోంది.